షాడో టీచర్ జీతం మనమే కట్టాలంటే ఆ స్కూల్లో చేర్చాలా?

కరామా_అమ్మ: మా బాబుకి ఏడేళ్లు, ఆటిజం. దుబాయ్‌లో ఒక బ్రిటిష్ కరిక్యులమ్ స్కూలు సీటిస్తామంది. కానీ క్లాసులో పక్కన కూర్చునే అసిస్టెంట్ (షాడో టీచర్) జీతం మేమే పెట్టుకోవాలట, ఫీజు కాక. మావారు సీబీఎస్ఈలో వేద్దామంటున్నారు. అత్తగారు హైదరాబాద్ వచ్చేయమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

షార్జా_నాన్న: అంత డబ్బు పోసి బ్రిటిష్ స్కూలెందుకండీ? సీబీఎస్ఈలో మూడో భాష మినహాయింపు ఉంది. బోర్డు పరీక్షలో మూడు గంటల పేపరుకి గంట అదనం, రాసిపెట్టే మనిషినీ పెట్టుకోవచ్చు. రేపు ఉద్యోగం పోయి ఇంటికెళ్లినా అదే చదువు సాగుతుంది.

అల్‌నహ్దా_అక్క: ఏడేళ్లవాడికి పదో తరగతి లెక్కలెందుకు తమ్ముడూ! ముందు వాడు క్లాసులో కూర్చోవాలి కదా. మా పాపని మొదట వేసిన స్కూలు (పేరొద్దు) "మేం చూసుకుంటాం" అంది. నెల తిరక్కుండా రోజూ పదకొండింటికి ఫోన్, వచ్చి తీసుకెళ్లండని.

దుబాయ్‌లో 2017 నుంచి ఇన్‌క్లూజివ్ (అందరు పిల్లల్నీ కలిపి చదివించే) విద్యా విధానం ఉంది, వైకల్యం సాకుతో సీటు కాదనకూడదు. కాదనరు కూడా. "మా దగ్గర తగిన సదుపాయాల్లేవండీ" అని తియ్యగా చెప్పి పంపిస్తారు. ఆ ముక్కే రాసివ్వమనండి, కేహెచ్‌డీఏకి (దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లని చూసే ప్రభుత్వ సంస్థ) చూపించొచ్చు. అసిస్టెంట్ సంగతీ కాగితం మీదే ఉండాలి: రోజుకెన్ని గంటలు, ఆవిడ సెలవు పెడితే ఎవరొస్తారు, ఆ గంటలు ఎప్పటికి తగ్గిస్తారు. ఇంకోటి, రీసెస్ టైముకి వెళ్లి చూడండి. సెన్సరీ రూమ్‌లో (పిల్లలు కుదుటపడడానికి పెట్టే గది) బీన్‌బ్యాగులు అందరూ చూపిస్తారు. మన పిల్లల్లాంటివాళ్లు గ్రౌండులో ఎవరి పక్కన ఉన్నారో చూడాలి.

షార్జా_నాన్న: ఎంత రాయించుకున్నా జీతం మన జేబులోంచేగా అక్కా?

అల్‌నహ్దా_అక్క: మన జేబులోంచే. అది అన్యాయమే.

గచ్చిబౌలి_రిటర్న్: మేం మూడేళ్ల కిందట వచ్చేశాం. అక్కడ థెరపిస్టు ఇంట్లో ఇంగ్లీషొక్కటే మాట్లాడమనేది. ఇక్కడ తాతయ్యతో తెలుగులో కబుర్లు, బోయినపల్లి నీపిడ్‌కి (ఇలాంటి పిల్లల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళ్లొస్తాం, థెరపీ ఖర్చూ తగ్గింది. స్కూలు మాత్రం అడక్కండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉన్నా నాలుగు స్కూళ్లు తిప్పి పంపాక ఐదోది ఒప్పుకుంది. షాడో టీచర్ జీతం ఇక్కడా మేమే కడుతున్నాం!

కరామా_అమ్మ: అక్కా, రీసెస్ టైముకి వస్తామంటే బ్రిటిష్ స్కూలువాళ్లు "టూర్లు ఉదయం తొమ్మిదికే" అన్నారు. సీబీఎస్ఈ వాళ్లు ఎప్పుడైనా రమ్మన్నారు, కానీ సెక్షన్‌కి ముప్పైమంది. బుధవారం వెళ్తున్నాం, బాబుని కూడా తీసుకుని.