స్పైన్‌కి రెండు పెద్ద ఛాసిస్‌లా, నాలుగు చిన్న బాక్సులా?

కొత్త_ర్యాక్:
మాకు 16 ర్యాకులు, ర్యాక్‌కి రెండేసి లీఫ్ స్విచ్‌లు (ఆ ర్యాక్ సర్వర్లు తగిలేవి). ఒక్కో లీఫ్‌లో సర్వర్లకి 25జీ (సెకనుకి 25 గిగాబిట్ల) పోర్టులు 48, పైకి 100జీ పోర్టులు 8. పేచీ అంతా ఆ లీఫ్‌లన్నిటినీ కలిపే పై స్విచ్‌లు, అంటే స్పైన్ దగ్గరే. మా మేనేజర్ గారు రెండు ఛాసిస్‌లు (కార్డులు గుచ్చుకునే పెద్ద స్విచ్‌లు) కొందామంటున్నారు. నాకేమో 32 పోర్టుల 400జీ బాక్సులు (కార్డుల్లేని చిన్న స్విచ్‌లు) నాలుగు చాలనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

పాత_కాపు:
ఛాసిస్సే తీసుకోండి. స్విచ్‌ని నడిపే సూపర్‌వైజర్ కార్డులు రెండుంటాయి, పోయిన లైన్ కార్డు (పోర్టులుండేది) మాత్రమే మార్చుకోవచ్చు. బఫర్, అంటే రద్దీలో ప్యాకెట్లని కాసేపు ఆపి ఉంచే మెమరీ, దాని సంగతి కూడా చూడండి. చిన్న బాక్సుల్లో వచ్చే టోమాహాక్ 3 చిప్‌లో ఉన్నది 64 ఎంబీ. 12.8 టెరాబిట్ల వేగానికి అది 40 మైక్రోసెకన్లలో నిండిపోతుంది. ఛాసిస్ కార్డుల్లో వచ్చే జెరికో 2 చిప్ పక్కన 8 జీబీ మెమరీ ఉంటుంది. స్టోరేజ్ ట్రాఫిక్ ఒక్కసారిగా మీద పడితే తేడా మీకే తెలుస్తుంది.

రాత్రి_డ్యూటీ:
కాపు గారూ, బఫర్ లెక్క సరైనదే, కానీ దాని అవసరం అక్కడ కాదు. ఇరవై డిస్క్ సర్వర్లు ఒకే సర్వర్‌కి ఒకేసారి జవాబిస్తే రద్దీ ఎక్కడ? లీఫ్‌లో, ఆ సర్వర్ 25జీ పోర్టు దగ్గర. స్పైన్‌లో ఎంత బఫర్ పెట్టినా అక్కడ పడిపోయే ప్యాకెట్‌ని ఆపలేదు.

నేను చూసేది ఒకటి పోతే ఎంత మిగులుతుందన్నదే. లీఫ్ కింద సర్వర్ల వైపు 1200జీ, పైన స్పైన్ వైపు 800జీ, అంటే 1.5కి 1. నాలుగు స్పైన్‌లలో ఒకటి పోతే 600జీ ఉంటుంది, 2కి 1. రెండు ఛాసిస్‌లలో ఒకటి పోతే 400జీ, 3కి 1. మా దగ్గర ఒకసారి అప్‌గ్రేడ్ మధ్యలో సాఫ్ట్‌వేర్ బగ్‌తో సూపర్‌వైజర్లు రెండూ ఒకేసారి రీబూట్ అయ్యాయి. రాత్రి రెండున్నరకి ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకున్న ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. రెండు కార్డులున్నా నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటే కదా! చిన్న బాక్సులైతే బీజీపీలో (స్విచ్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) ఒకదాన్ని పక్కకి తప్పించి, ట్రాఫిక్ ఖాళీ అయ్యాక అప్‌గ్రేడ్ చేసి, మళ్లీ కలిపేస్తాం. పగలే చేస్తున్నాం.

పోర్టులూ సరిపోతాయి. 32 లీఫ్‌ల నుంచి ఒక్కో స్పైన్‌కి రెండేసి లింకులు, అంటే స్పైన్‌కి 64. 400జీ పోర్టుని నాలుగు 100జీలుగా చీలిస్తే 16 పోర్టుల్లో అయిపోతుంది, సగం బాక్సు మిగులుతుంది.

ఫైబర్_పని:
ఆ చీల్చే దగ్గరే జాగ్రత్త తమ్ముడూ. 400జీ డీఆర్4 మాడ్యూల్ (పోర్టులో గుచ్చి ఫైబర్ తగిలించేది) చీలితే అవతలి కొసన 100జీ డీఆర్ మాడ్యూలే ఉండాలి. 100జీలోనే వేరే రకమైన సీడబ్ల్యూడీఎం4 పెడితే లింకు లేవదు. లీఫ్ పోర్టులో ఎఫ్‌ఈసీ (దారిలో వచ్చిన తప్పులు దిద్దే) సెట్టింగూ సరిచూసుకో. ఇంకోటి, చీలిన నాలుగు తీగల్నీ నాలుగు వేర్వేరు లీఫ్‌లకి పంపు. ఆ ఒక్క మాడ్యూల్ కాలిపోతే ఒక్కో లీఫ్‌కి ఒక్క లింకే పోతుంది.

పాత_కాపు:
బఫర్ విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ ఛాసిస్‌లో 100జీ కార్డులు వేసుకుంటే ఈ మాడ్యూల్ తిప్పలే ఉండవు, ఆ మాట మీదే ఉన్నాను.

కొత్త_ర్యాక్:
ఇప్పుడే కొటేషన్ తెరిచి చూశాను అన్నా. నాలుగు బాక్సులకే వేయించినది, లీఫ్ వైపు మాత్రం 256 మాడ్యూల్స్, అన్నీ సీడబ్ల్యూడీఎం4. పొద్దున్నే మార్పిస్తాను.