పాత బాయిలర్ మార్చాలి: మళ్లీ గ్యాసా, హీట్ పంపా? (ఇంగ్లండ్)

గోదారిగట్టు: మూడు పడగ్గదుల సెమీ (ఒక గోడ పక్కింటితో కలిసిన ఇల్లు). 17 ఏళ్ల గ్యాస్ కాంబికి (ఇంటినీ, కుళాయి నీళ్లనీ ఒకటే వేడిచేసే బాయిలర్) స్పేర్ పార్టులు దొరకడం లేదు. 30 కిలోవాట్ల కాంబి పెట్టించమని ఒకరు, హీట్ పంప్ (బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే యంత్రం) అని ఇంకొకరు. ఏది మేలండీ?

కృష్ణాతీరం: కాంబియే. కానీ ఆ 30 షవర్ నీళ్ల కోసం. గట్టి చలిలో కూడా అలాంటి ఇల్లు వెచ్చగా ఉండటానికి సాధారణంగా 6–8 కిలోవాట్లు చాలు. బాయిలర్ ఎంత తక్కువకి దిగగలదో అడగండి. 3 కిలోవాట్ల దగ్గరికి దిగలేనిది ఊరికే వెలిగి ఆరుతూ గ్యాస్ తినేస్తుంది.

పాత పైపుల్లోని నల్లటి బురదని ముందు ఫ్లష్ చేయించాలి. రిటర్న్ పైపు (నీళ్లు బాయిలర్‌కి తిరిగొచ్చేది) మీద మ్యాగ్నెటిక్ ఫిల్టర్ పెట్టించి, నీళ్లలో ఇన్హిబిటర్ (తుప్పు పట్టనివ్వని మందు) పోయించాలి. ఇవి మానేస్తే కుళాయి నీళ్లని వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్‌లో బురద పేరుకుంటుంది, కుళాయిలో నీళ్లు కాసేపు వేడిగా, కాసేపు చల్లగా వస్తాయి. కండెన్సేట్ పైపు (పొగలోని ఆవిరి నీరై బయటికి పోయేది) గోడ బయట సాగితే 32 మి.మీ. ఉండాలి, పైన లాగింగ్ (చలి తగలనివ్వని తొడుగు) చుట్టాలి. లేకపోతే మంచు రోజునే గడ్డకట్టి బాయిలర్ ఆగిపోతుంది.

తుంగభద్ర: కృష్ణాతీరం గారూ, హీట్ పంపుకి ప్రభుత్వమిచ్చే 7,500 పౌండ్ల గ్రాంటు సంగతి వదిలేశారు. ఎంసీఎస్ (హీట్ పంపుల్లాంటివి బిగించేవాళ్లకిచ్చే నాణ్యతా గుర్తింపు) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలరే దరఖాస్తు పెట్టి బిల్లులో తగ్గిస్తారు.

కృష్ణాతీరం: గ్రాంటు ఒక్కసారే, కరెంటు బిల్లు ప్రతి నెలా. యూనిట్ కరెంటు ధర యూనిట్ గ్యాస్‌కి దాదాపు నాలుగు రెట్లు. బాయిలర్ 90 శాతం పనిచేస్తుందనుకుంటే, పంపు ఒక యూనిట్ కరెంటుకి 3.6 యూనిట్ల వేడి ఇస్తే గానీ సరిసమానం కాదు.

తుంగభద్ర: లెక్క ఒప్పుకుంటాను. రేడియేటర్లలోకి 45 డిగ్రీల నీళ్లు పంపి నడిపితే ఆ అంకె అందుతుంది, 55 అయితే కష్టం. అందుకే గోదారిగట్టు గారూ, పాతది నడుస్తుండగానే జనవరిలో హీటింగ్ ఫ్లో (రేడియేటర్లకి వెళ్లే నీళ్ల వేడి) 50కి తగ్గించి, రోజంతా ఆన్‌లో ఉంచి చూడండి. కాంబిలో కుళాయి నీళ్ల సెట్టింగ్ వేరు, దాన్ని ముట్టుకోవద్దు. 20 డిగ్రీలు రాని గదుల్లోనే పెద్ద రేడియేటర్ కావాలి. పైపులు 8 మి.మీ. మైక్రోబోర్ (సన్నని రకం) అయితే, లేదా సుమారు 200 లీటర్ల వేడినీళ్ల సిలిండర్‌కి చోటు లేకపోతే, నేనూ పంపు వద్దనే అంటాను.

కృష్ణాతీరం: ఆ పరీక్ష కాంబి పెట్టించేవాళ్లకీ పనికొస్తుంది. తిరిగొచ్చే నీళ్లు 55 కంటే చల్లగా ఉంటేనే పొగలోని ఆవిరి నీరై దాని వేడి మనకి దక్కుతుంది. చాలామంది ఇన్‌స్టాలర్లు ఫ్లో 70–75 మీద వదిలేసి వెళ్లిపోతారు. ఇన్‌స్టాలర్ గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేయడానికి ఉండాల్సిన గుర్తింపు) వెనక్కి తిప్పి, బాయిలర్ పని అందులో ఉందో లేదో చూసుకోండి.