నారింజరంగు చిలగడదుంపను పిల్లలు తింటున్నారు, పెద్దలు ఎందుకు తినడం లేదు? (చర్చ)

సోరోటి_సేద్యం:
ఉగాండాలోని సోరోటి ప్రాంతంలో వ్యవసాయ విస్తరణ పనిలో ఉన్నాను. విటమిన్ ఎ లోపం తగ్గించాలన్న ఉద్దేశంతో ఊళ్లలో నారింజరంగు చిలగడదుంప తీగలు పంచుతున్నాం. పిల్లలు ఉడికించిన దుంపలను ఇష్టంగా తింటున్నారు గాని, పెద్దలు ఒకసారి రుచి చూసి, తరువాతి పంటకు మళ్లీ తమ తెల్లదుంపనే నాటుకుంటున్నారు. పోషకాల గురించి ఎంత చెప్పినా, "నీళ్లగా ఉంది, కడుపు నిండదు" అన్నదే వారి మాట. ఇతర దేశాల్లో పనిచేస్తున్నవారు తమ అనుభవం తెలుపగలరు.

దుంపల_పరిశోధకుడు:
వారి అభ్యంతరాన్ని మూఢత్వమని కొట్టిపారేయకండి. తూర్పు ఆఫ్రికా రైతులు తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన తెల్ల, లేతపసుపు రకాల్లో పొడి పదార్థం (దుంపలో నీరు పోగా మిగిలేది) సాధారణంగా 30 శాతం దాటుతుంది కనుక, అవి ఉడికితే పిండిపిండిగా విడిపోతాయి. తొలినాళ్లలో బయటినుంచి తెచ్చిన నారింజ రకాల్లో కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే రంగు పదార్థం) దండిగా ఉన్నా పొడి పదార్థం బాగా తక్కువ. ఈ రెండు గుణాలూ జన్యుపరంగా ఎదురుబొదురుగా నడుస్తాయి కాబట్టి ఒకటి పెంచబోతే మరొకటి తగ్గుతుంది. ఆ చిక్కును విప్పడానికే ఉగాండాలో రాబర్ట్ మ్వాంగా, మొజాంబిక్‌లో మరియా అంద్రాదె ఏళ్ల తరబడి శ్రమించారు. 2016 ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న నలుగురిలో వీరిద్దరూ ఉన్నారు. 2007లో ఉగాండాలో విడుదలైన కబోదె రకం కెరోటిన్‌తో పాటు పిండితనమూ ఉన్నది. మీరు పంచుతున్నది ఏ రకం?

సోరోటి_సేద్యం:
తీగల కట్టల మీద పేరు ఉండటం లేదండి. కట్ట విప్పితే రెండు మూడు రకాల ఆకులు కనిపిస్తున్నాయి.

దుంపల_పరిశోధకుడు:
అయితే ముందు అది తేల్చుకోండి. రకమేదో తెలియకుండా రుచి గురించి చర్చించి లాభం లేదు.

గారీ_బట్టీ:
నైజీరియాలో కర్రపెండలం విషయంలోనూ ఇదే తంతు. 2011లో అక్కడ కెరోటిన్ ఉన్న పసుపు రకాలు విడుదలయ్యాయి. ఎర్ర పామాయిల్ కలిపి గారీ (కర్రపెండలాన్ని తురిమి, పులియబెట్టి, వేయించిన రవ్వ) వేయించే ప్రాంతాల్లో పసుపురంగు ఎవరికీ కొత్త కాదు కాబట్టి రంగుతో పేచీ రాలేదు. అసలు పేచీ బరువు దగ్గర వచ్చింది. తురిమి పులియబెట్టిన పిండిని సంచుల్లో వేసి నొక్కినప్పుడు నీరు ఎక్కువ కారితే, అదే గంప దుంపలకు గారీ తక్కువ దిగుతుంది, కట్టెల ఖర్చు మాత్రం తగ్గదు. వేయించే స్త్రీలు గుప్పెడు గారీని చన్నీళ్లలో వేసి, అది ఎంత ఉబ్బుతుందో చూసి గాని నాణ్యత ఒప్పుకోరు. దిగుబడి లెక్కలు వేసేవారు ఆ గిన్నె దగ్గర కూడా కాసేపు కూర్చోవాలని నా అభిప్రాయం.

నంపులా_నివాసి:
మొజాంబిక్‌లో నేను చూసినది రెండు ముక్కల్లో చెబుతాను. దుంపను తొక్కతో ఉడికించి, వేరుశనగ ముద్దతో పెడితే పెద్దలూ వద్దనరు; పైగా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. ఇక మీ ప్రాంతంలో ముక్కలు కోసి ఎండబెట్టే అముకెకె పద్ధతి ఉంది కదా, దాన్ని నమ్ముకుని విటమిన్ లెక్కలు వేయకండి. ఎండకు కొంత, నెలల తరబడి నిల్వలో మరింత కెరోటిన్ పోతుంది.

సోరోటి_సేద్యం:
కృతజ్ఞతలు. మరొక సందేహం. ఇక్కడ ఎండాకాలం దీర్ఘంగా ఉండటం వల్ల, నచ్చినవారికి కూడా తొలి వానలకు తీగ దొరకడం లేదు. పొలంలో మిగిలిన తెల్లదుంపలు వాటంతట అవే మొలుస్తాయి గనుక మళ్లీ అదే నాటుతున్నారు.

నంపులా_నివాసి:
పురుగు పట్టని చిన్న దుంపలను ఏరి, పొడి ఇసుకలో వరుసలుగా దాచమనండి. వానలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, మొలకలొచ్చిన ఆ దుంపలను పెరట్లో నాటి నీళ్లు పోస్తే అదనుకు తీగ అందుతుంది. మేకలు పడకుండా కంచె తప్పనిసరి.

సోరోటి_సేద్యం:
ఈసారి తీగలు పంచేముందు కబోదెను, స్థానిక తెల్లదుంపను పక్కపక్క కుండల్లో వండించి పెద్దలచేతనే రుచి చూపిస్తాం. ఉడికిన వెంటనే పెట్టాలా, చల్లారిన తరువాతా? ఇక్కడివారు పొలానికి చల్లారినవే పట్టుకెళ్తారు.

దుంపల_పరిశోధకుడు:
రెండు విధాలా పెట్టండి. వేడిమీద బాగున్న రకం చల్లారాక మెత్తబడిపోవచ్చు, పొలంలో తినేది అదే కాబట్టి ఆ తీర్పునే ముందు రాసుకోండి.