ఖాళీ బీచ్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటున్నాను: ఎక్కడ దిగాలి?

ప్రశ్న: సర్ఫింగ్‌కి వెళ్ళడం ఇది నాలుగోసారి. అడుగంతా ఇసుకే, అలలు నడుము ఎత్తు దాటవు, నీళ్ళలో నేను తప్ప ఎవరూ ఉండరు. నాది 9 అడుగుల ఫోమ్ బోర్డు. రెండు సందేహాలు. అటూ ఇటూ అలలు విరుగుతున్నా మధ్యలో ఒకచోట నీరు నిమ్మళంగా ఉంటుంది. లోపలికి వెళ్ళడం తేలికని అక్కడే దిగుతున్నాను, మంచిదేనా? రెండోది, అల తోయగానే బోర్డు ముక్కు నీళ్ళలో గుచ్చుకుని పల్టీ కొడుతున్నాను.

జవాబు 1: పల్టీ సంగతి తర్వాత. దయచేసి ఆ నిమ్మళంగా ఉన్న చోట దిగకండి. అలలు ఒడ్డుకు తోసిన నీరు తిరిగి వెళ్ళే దారి అదే అయ్యుండొచ్చు. దాన్నే రిప్ కరెంట్ అంటారు. ఇసుక మేటల మధ్య కాలువలా లోతుగా ఉంటుంది, ఆ లోతు వల్లే అక్కడ అల విరగదు. లోపలికి తేలిగ్గా వెళ్ళిపోతున్నారంటే అది మిమ్మల్ని లాక్కుపోతోందన్నమాట. దిగేముందు ఓ 20 నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. నీటి రంగు ముదురుగా ఉందా? నురుగు లోపలికి కొట్టుకుపోతోందా?

ఎప్పుడైనా చిక్కుకుంటే బోర్డు వదలొద్దు, ఒడ్డుకేసి ఎదురీదొద్దు. తీరం వెంబడి పక్కకు, అలలు విరుగుతున్న వైపు వెళ్ళండి. ఓపిక చాలకపోతే బోర్డు మీదే తేలుతూ చెయ్యి ఊపండి. ఊపితే చూసేవాళ్ళుండాలిగా! అందుకే ఖాళీ బీచ్‌కి ఒంటరిగా వెళ్ళొద్దంటున్నాను. లైఫ్‌గార్డ్ ఉన్నచోటైతే ఇంకా నయం.

జవాబు 2: ముక్కు గుచ్చుకుంటోందంటే మీరు బోర్డు మీద మరీ ముందుకు పడుకుంటున్నారు. ముక్కు నీటికి రెండు మూడు అంగుళాలు పైకి లేచేదాకా వెనక్కి జరగండి. మరీ జరిగితే బోర్డు కదలదు, అల కిందనుంచి వెళ్ళిపోతుంది. ఇంకా విరగని అలల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. నడుము లోతులో, విరిగి నురుగై వచ్చే అలలే మీకు చాలు. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకకండి, వెడల్పుగా పడి, రెండు చేతులతో తల కప్పుకుని పైకి రండి. బోర్డుని ఎప్పుడూ మీకూ వచ్చే అలకూ మధ్య ఉంచొద్దు. మూతి పగిలేది అలాగే.

అడిగినవారు: ఇవాళ కూర్చుని చూశాను. నురుగు నిజంగానే ఆ దారిన లోపలికి పోతోంది! బాగా పక్కకు జరిగి దిగాను, తోడుగా అన్నయ్య ఒడ్డున ఉన్నాడు. వెనక్కి జరిగి పడుకుంటే ముక్కు గుచ్చుకోవడం తగ్గింది, రెండుసార్లు నిలబడ్డాను కూడా. ఇకనుంచి ఎప్పుడూ అదే చోట దిగొచ్చా?

జవాబు 1: చాలా సంతోషం. కానీ చోటు గుర్తుపెట్టుకుంటే సరిపోదు. తుఫాను తర్వాత ఇసుక మేటలు కదిలిపోతాయి, ఆటుపోట్లతో లోతూ మారుతుంది. ఉదయం బాగున్న చోటే పోటు మీద అలలు ఒడ్డునే దబ్బున విరగొచ్చు. వెళ్ళిన ప్రతిసారీ ఆ 20 నిమిషాలూ చూడాల్సిందే.

అడిగినవారు: అలాగే. లీష్, అదే బోర్డుని కాలికి కలిపే తాడు, ఏ కాలికి కట్టుకోవాలి?

జవాబు 2: నిలబడ్డప్పుడు వెనక ఉండే కాలికి, చీలమండ దగ్గర.