రెండో రాత్రికే వెనక బ్యాటరీ దిగిపోతోంది. పెద్ద బ్యాటరీ వేస్తే సరిపోతుందా?

ప్రశ్న: గుంటూరు, బ్రాడీపేట నుంచి

అందరికీ నమస్కారమండీ. పోయినేడు 2021 మోడల్ బిఎస్6 డీజిల్ వ్యాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, లోపల మంచం, వంట గట్టు, అలమరా చేయించుకున్నాం. నేను, మా ఆవిడ, పాప, మా అమ్మ. నెలకోసారి రెండు మూడు రోజులు కరెంటు లేని చోట ఆగుతాం.

వెనక వాడకానికి ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టే 150 ఏహెచ్ (ఆంపియర్ గంటలు) పొడుగు ట్యూబులర్ బ్యాటరీ వేశాను. టాపు మీద 335 వాట్ల ఇంటి ప్యానెల్ ఒకటి, దాని కరెంటుని బ్యాటరీకి సరిపెట్టి ఎక్కించే 30 ఆంప్స్ కంట్రోలర్. బండి నడిచేటప్పుడు కూడా చార్జి ఎక్కాలని, బండి సొంత (ముందు) బ్యాటరీ నుంచి రిలే అనే ఆటోమేటిక్ స్విచ్చు పెట్టి 6 చదరపు ఎంఎం వైరు వెనక్కి లాగించాను. వాడేవి: 45 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్జు, రెండు డీసీ ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్లు, లాప్‌టాప్ కోసం 900 వీఏ ఇన్వర్టర్.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లు చూసుకుని అట్నుంచటే నాగార్జునసాగర్ వెళ్లాం. మొదటి రాత్రి ఏ ఇబ్బందీ లేదు. రెండో రాత్రి మూడింటికి ఫ్రిజ్జు రెండుసార్లు టక్కుటక్కుమని ఆగిపోయింది. అందులో అమ్మ ఇన్సులిన్ ఉంది. అప్పట్నుంచి తెల్లారేదాకా నాకు నిద్ర లేదు. బ్యాటరీ వేసి 14 నెలలే అయింది. అమ్మినాయన్ని అడిగితే 220 ఏహెచ్ వేసుకోమంటున్నాడు. వేస్తే తీరుతుందా?

జవాబు: తెనాలి నుంచి

అన్నా, ట్యూబులర్ తీసేసి లిథియం వేయించెయ్. నేను 100 ఏహెచ్ లిథియం వేశాక మళ్లీ వెనక్కి చూడలేదు. బరువు కూడా పావు వంతే.

జవాబు: విజయవాడ, పటమట నుంచి

బాబూ, నేను బస్సుల డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ని. తెనాలి తమ్ముడు చెప్పింది తప్పు కాదు గానీ, ఇప్పుడే ఏ బ్యాటరీ కొనకండి. బిందె చిన్నదని కాదు, కుళాయి సన్నగా వస్తోందని నా అనుమానం. ఎంత పెద్ద బిందె పెట్టినా ఆ ధారతో నిండదు. సగం నిండి కూర్చున్న లెడ్ బ్యాటరీ ప్లేట్లకు సల్ఫేట్ పట్టి ఏడాదిలో మూలపడుతుంది. వాడకం ఎక్కువై పోయేవాటికంటే, ఏ రోజూ పూర్తిగా నిండక పోయే బ్యాటరీలే ఎక్కువ. నా చేతిలో అలా పోయినవి లెక్కలేదు.

డీసీ కొలిచే క్లాంప్ మీటరు ఒకటి, హైడ్రోమీటరు ఒకటి సంపాదించి ఇవి చూసి చెప్పండి.

ఒకటి, మిట్టమధ్యాహ్నం ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కి వచ్చే రెండు వైర్ల మధ్య వోల్టేజీ ఎంత? అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఎంత?
రెండు, ఇంజన్ స్టార్ట్ చేయగానే ముందు బ్యాటరీ దగ్గర ఎంత, అరగంట తిరిగొచ్చాక ఎంత?
మూడు, ఇన్వర్టర్ ఆన్‌లో ఉండి దానికి ఏదీ తగిలించనప్పుడు ఎన్ని ఆంప్స్ లాగుతోంది?
నాలుగు, మొత్తం ఆరు సెల్లుల్లోనూ గ్రావిటీ, అంటే లోపలి ఆమ్లం చిక్కదనం, హైడ్రోమీటరుతో. ఆ ముందు రోజు డిస్టిల్డ్ వాటర్ పోయకండి, నీళ్లు కలవక ముందు చూస్తే తప్పు చూపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చూశానండీ. మధ్యాహ్నం పన్నెండున్నరకి ప్యానెల్ వైర్ల దగ్గర 13.6, బ్యాటరీ దగ్గర 13.4. ఎక్కుతున్నది 8 ఆంప్స్. ఇంజన్ స్టార్ట్ చేయగానే ముందు 14.3 ఉంది, అరగంట తిరిగొచ్చాక 12.8. అప్పుడు వెనక బ్యాటరీ దగ్గర 12.6, ఎక్కేది 4 ఆంప్స్. ఖాళీ ఇన్వర్టర్ 1.4 ఆంప్స్ లాగుతోంది. గ్రావిటీ ఆరు సెల్లుల్లోనూ 1180, 1190 మధ్యే ఉంది. కంట్రోలర్ డబ్బా మీద ఎంపీపీటీ అని ఉంది కాబట్టి అక్కడ తేడా ఉండదనుకుంటున్నా.

జవాబు: విజయవాడ, పటమట నుంచి

తేడా అక్కడే ఉంది బాబూ. డబ్బా మీద ఏం రాసినా మీ కంట్రోలర్ పీడబ్ల్యూఎం. నిజమైన ఎంపీపీటీ అయితే బ్యాటరీ ఆకలిగా ఉన్నప్పుడు ప్యానెల్ వైపు ముప్పై పైచిలుకు వోల్టులు చూపించాలి. మీ 335 వాట్ల ప్యానెల్‌లో 72 సెల్లులుంటాయి, అది 37 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, ఇచ్చేది 9 ఆంప్స్. పీడబ్ల్యూఎం దాన్ని తెచ్చి నేరుగా బ్యాటరీకి కట్టేస్తుంది. ఆంప్స్ ఆ తొమ్మిదే ఉంటాయి, వోల్టేజీ మాత్రం 13కి పడిపోతుంది. తొమ్మిదిని పదమూడుతో గుణించుకోండి, 117 వాట్లు. 335కి డబ్బిచ్చి మూడో వంతు తెచ్చుకుంటున్నారు. ఎంపీపీటీ ఆ వోల్టేజీని దింపి ఆంప్స్‌గా మార్చి ఇస్తుంది. మీకు మధ్యాహ్నం 17 వరకూ రావాలి. పూర్తి 335 మాత్రం ఎప్పుడూ ఆశించకండి. మన ఎండకి ప్యానెల్ 65 డిగ్రీలకు కాలుతుంది, 25 దాటాక డిగ్రీకి సుమారు 0.4 శాతం పోతుంది. అందుకే ప్యానెల్‌కీ టాపుకీ మధ్య మూడు వేళ్ల సందు వదిలి గాలాడనివ్వాలి.

ఇప్పుడు మీ రోజు లెక్క వేద్దాం. ఫ్రిజ్జు నడిచేటప్పుడు 45 వాట్లు, సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకి 43 ఏహెచ్. ఫ్యాన్లు రెండూ ఒక్కోటి ఒకటిన్నర ఆంప్స్, పది గంటలకి 30. లైట్లు, ఫోన్లు 6. ఇక ఆ ఖాళీ ఇన్వర్టర్, ఏ పనీ చేయకుండా 1.4 చొప్పున ఇరవై నాలుగు గంటలకి దగ్గర దగ్గర 34! మీ రెండు ఫ్యాన్లకంటే ఎక్కువ. మొత్తం 113. సోలార్ తెచ్చేది 40. బ్యాటరీ నిండుగా బయల్దేరినా మొదటి రోజు గడిచేసరికి సగానికి వస్తుంది. రెండో తెల్లారుజామున ఫ్రిజ్జు ఆగక ఏం చేస్తుంది? 220 వేసుంటే ఇంకొక్క రాత్రి వచ్చేది, అంతే. ఆ తర్వాత అదీ నిండేది కాదు.

లాప్‌టాప్‌కి 12 వోల్టుల కారు చార్జరు కొనుక్కుని ఇన్వర్టర్ ఆపేయండి. అన్నిటికంటే తక్కువ ఖర్చు మందు అదే. తర్వాత అసలైన ఎంపీపీటీ. మీ ప్యానెల్ వెనక చీటీ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ, అంటే దానికి ఏదీ తగిలించనప్పటి వోల్టేజీ, 46 చుట్టూ ఉంటుంది, చలిలో ఇంకాస్త పెరుగుతుంది. 100 వోల్టుల వరకూ తట్టుకునే 30 ఆంప్స్‌ది తీసుకోండి. దుకాణంలో మాట నమ్మొద్దు, బిగించాక ఇందాకటి కొలతే మళ్లీ పెట్టి చూసి అప్పుడు ఒప్పుకోండి. కంట్రోలర్‌కి బిగించేటప్పుడు మొదట బ్యాటరీ వైర్లు, తర్వాత ప్యానెల్‌వి. విప్పేటప్పుడు మొదట ప్యానెల్‌వి.

మీ గ్రావిటీ గురించి. ఒక్క సెల్లు మిగతావాటికంటే యాభై పాయింట్లు కిందుంటే ఆ బ్యాటరీ మీద ఆశ వదులుకోమనేవాణ్ని. మీవన్నీ ఒకేలా తక్కువున్నాయి. అది పస్తున్న బ్యాటరీ, చచ్చినది కాదు. ఇంటి దగ్గర మెయిన్స్ చార్జరు పెట్టి, గ్రావిటీ పెరగడం ఆగి మూడు గంటలు అలాగే నిలిచేదాకా ఎక్కించండి. రెండు రాత్రులు పట్టినా పట్టనివ్వండి. ఇంకొకటి, నిండిన బ్యాటరీ 12.7 చూపించాలని నెట్‌లో అంతటా రాస్తారు. అది 1280 ఆమ్లం పోసిన బ్యాటరీల లెక్క. మన ట్యూబులర్‌లో పోసేది 1240. సెల్లు వోల్టేజీ అంటే గ్రావిటీకి 0.84 కలపడమే. 1240 అంటే 1.24, దానికి కలిపితే 2.08, ఆరు సెల్లులకి 12.48. కాబట్టి కొన్ని గంటలు ఎక్కించకుండా, వాడకుండా ఉంచాక 12.5 చూపిస్తే మీది నిండినట్టే. 12.7 రాలేదని బెంగపడకండి.

జవాబు: గుంటూరు, నల్లపాడు నుంచి

పెద్దాయన ఇంజన్ సంగతి వదిలేశారు, అది నేను చెప్తాను. నాకూ ఇదే అయింది. బిఎస్6 వచ్చాక చాలా బళ్లలో ఆల్టర్నేటర్‌ని, అంటే ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించేదాన్ని, కంప్యూటరు నడిపిస్తుంది. ముందు బ్యాటరీ నిండగానే డీజిల్ ఆదాకి వోల్టేజీ దింపేస్తుంది, మళ్లీ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడో వాలు దిగేటప్పుడో పెంచుతుంది. మీకు 14.3 కాస్తా 12.8 అవడం అదే. 12.8తో లెడ్ బ్యాటరీ నిండదు. రిలే మార్చినా ఉపయోగం లేదు. మధ్యలో డీసీ టు డీసీ చార్జరు పెట్టాలి. ముందు 12.8 వచ్చినా అది వెనక్కి 14.4 చేసి పంపుతుంది. 20 ఆంప్స్‌ది అయితే మూడు గంటల ప్రయాణానికి 60 ఏహెచ్ ఎక్కుతుంది.

దానికి వైరు కూడా మార్చాలి. పోనూ రానూ 11 మీటర్లనుకోండి, 25 ఆంప్స్ వెళ్తే 6 ఎంఎంలో 0.8 వోల్టు దారిలోనే వేడిగా పోతుంది. 16 ఎంఎం వేస్తే 0.3. రెండు బ్యాటరీల పక్కనా జానెడు లోపు 40 ఆంప్స్ ఫ్యూజు ఉండాలి. ఒక్కవైపే పెడితే తెగిన వైరు రెండోవైపు నుంచి అంటుకుంటుంది. చార్జరు ఆన్ అవ్వడానికి ఇగ్నిషన్ వైరు ఇవ్వండి, వోల్టేజీ చూసి ఆన్ అయ్యే పద్ధతి ఈ బళ్లలో మాటిమాటికీ ఆగుతుంది.

జవాబు: మాచర్ల నుంచి

ఇందరు చెప్పారు గానీ ఒకటి నా మనసులో పీకుతోంది. ఆ ట్యూబులర్ మంచం కింద ఉందా? చార్జింగ్ చివర్లో అది హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో నాలుగు శాతం కలిసినా అంటుకునే వాయువు. మీరు పక్కనే గ్యాస్ స్టవ్ వెలిగిస్తారు, పాప ఆ మంచం మీదే పడుకుంటుంది. దయచేసి బ్యాటరీకి మూత ఉన్న పెట్టె చేయించి, పైభాగం నుంచి గొట్టం బండి బయటికి తీయండి. హైడ్రోజన్ పైకే పోతుంది కాబట్టి కింద కన్నం పెడితే చాలదు.

ఎండ గురించి కూడా. మా పక్క రెంటచింతల ఎండలు తెలుసుగా. చార్జరులో 14.4 అని ఉండేది 25 డిగ్రీలకి. పది డిగ్రీలు పెరిగితే పావు వోల్టు తగ్గించాలి. మూసిన బండిలో 45 ఉంటే 13.9 చాలు, లేకపోతే నీళ్లు మరిగిపోతాయి. టెంపరేచర్ సెన్సర్ వైరున్న కంట్రోలర్ తీసుకుని, ఆ సెన్సర్‌ని బ్యాటరీకే అంటించండి. వేసవిలో నీళ్లు పదిహేను రోజులకోసారి చూడండి.

అమ్మగారి ఇన్సులిన్‌కి ఫ్రిజ్జు ఒక్కటే ఆధారం కాకూడదు. వాడుతున్న సీసా బయట ఎన్నాళ్లు ఉండొచ్చో డాక్టరుగారిని అడిగి పెట్టుకోండి. మా నాన్నకి పెద్ద మట్టి మూకుడులో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి అందులో ఉంచేవాళ్లం. ఉక్కపోతగా ఉండే సముద్రపు ఒడ్డున అంత చల్లబడదు, మా వైపు పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

నెల తర్వాత రాస్తున్నాను. ముందు మాచర్ల వారికి దండం. బ్యాటరీ మంచం కిందే ఉంది. ఆ రాత్రే తీసి వెనక తలుపు పక్కకి మార్చి, పెట్టె చేయించి, గొట్టం బయటికి తీయించాను.

రెండు రాత్రులు మెయిన్స్ మీద పెట్టాక గ్రావిటీ అన్ని సెల్లుల్లోనూ 1230 దాటింది. కొత్త కంట్రోలర్ పెట్టి ప్యానెల్ వైపు కొలిస్తే 33 వోల్టులు, బ్యాటరీకి 17 ఆంప్స్! ఆ అంకె చూసి మా ఆవిణ్ణి పిలిచి మరీ చూపించాను.

మొన్న సూర్యలంక వెళ్లాం. చల్లగా ఉంటుందని మొదట సరుగుడు తోపులో ఆపితే 3 ఆంప్స్ వచ్చాయి. కొమ్మ నీడ అడ్డంగా ఒక చారలా పడినా ప్యానెల్ మొత్తం పడుకుంటోంది. బండి బయట ఇసుక అంచుకి తెచ్చి, మేం మాత్రం తోపులో చాప వేసుకున్నాం. ఇన్వర్టర్ రెండు రోజులూ ముట్టుకోలేదు. రెండో తెల్లారి ఐదింటికి ఫ్రిజ్జు నడుస్తుండగానే చూశాను, 12.2. అమ్మ ఇంజక్షన్ ఫ్రిజ్జులోంచే తీసిచ్చాను.

డీసీ టు డీసీ చార్జరు వచ్చింది, ఈ వారం 16 ఎంఎం వైరు లాగిస్తున్నాం. నెగెటివ్ నేరుగా ముందు బ్యాటరీ నెగెటివ్ బొడిపెకే బిగించమంటావా నల్లపాడు అన్నా?

జవాబు: గుంటూరు, నల్లపాడు నుంచి

బొడిపెకి వద్దు. ఆ క్లిప్పు మీద చిన్న నల్ల డబ్బా, దానికో సన్న వైరు ఉన్నాయేమో చూడు. ఉంటే అది కరెంటు కొలిచే సెన్సరు. దాన్ని దాటి బిగిస్తే వెనక్కి పోయే కరెంటు బండి కంప్యూటరుకి కనపడక లెక్క తప్పుతుంది. ఆ నెగెటివ్ కేబులు ఛాసిస్‌కి బిగించిన బోల్టు ఉంటుంది, అక్కడ రంగు గీకి, లగ్గు వేసి గట్టిగా బిగించి, పైన గ్రీజు పట్టించు.