పాత కారు ఈసీయూ మార్చడం గురించి సలహా కావాలి

ప్రశ్న:
నాది 1998 నాటి పెట్రోలు కారు. చల్లగా ఉన్నంతసేపు చక్కగా నడుస్తుంది గానీ, 20 నిమిషాలు దాటాక ఒక సిలిండరు ఆగిపోయి బండి కుదుపులు పెడుతోంది. స్పార్క్ ప్లగ్గు, దాని వైరు, ఆ సిలిండరుకు పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు మార్చినా ఫలితం కనబడలేదు. ఈసీయూ, అంటే ఇంజిన్ను నియంత్రించే కంప్యూటరు పెట్టె, పోయిందని, తుక్కుకు వెళ్లిన బండిలోంచి తీసినది పెట్టుకుంటే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. కనెక్టరు సరిపోతే ఏదైనా పనిచేస్తుందా?

మొదటి జవాబు:
పనిచేయదండి. పెట్టె మీద ముద్రించిన పార్టు నంబరు చివరి అక్షరంతో సహా కలవాలి, ఎందుకంటే ఒకే మోడల్లో మాన్యువల్ గేర్ల బండికీ ఆటోమేటిక్ బండికీ లోపలి ప్రోగ్రాము వేరుగా ఉండవచ్చు. అయితే అంతకంటే ముందు, పోయింది ఈసీయూయేనని తేల్చుకోవాలి. సిలిండరు ఆగిపోయిన సమయంలోనే ఆ ఇంజెక్టరు కనెక్టరు ఊడదీసి, అందులో నాయిడ్ లైటు, అంటే పల్సును చూపే చిన్న బల్బు, పెట్టి చూడండి. అది మిణుకుమిణుకుమంటుంటే ఈసీయూ తన పని తాను చేస్తున్నట్టే; అప్పుడు వేడి మీదే కంప్రెషన్, అంటే సిలిండరులో ఏర్పడే ఒత్తిడి, కొలిపించండి, వాల్వు గ్యాపు మరీ తగ్గిపోయిన ఇంజిన్లోనూ ఇదే లక్షణం కనబడుతుంది. బల్బు వెలగకపోతే, కనెక్టరుకు 12 వోల్టులు అందుతున్నాయో లేదో, అక్కడి నుంచి ఈసీయూ దాకా వైరు బాగుందో లేదో చూశాకే ఈసీయూను అనుమానించండి.

రెండవ జవాబు:
కొత్తగా వేసిన ఇంజెక్టరు నిరోధం కొలిచారా? చాలా పాత బండ్లలో అది 12 నుంచి 16 ఓములు ఉంటుంది. అలాంటి బండికి 2, 3 ఓముల రకం వేస్తే ఈసీయూలో దాన్ని నడిపే ట్రాన్సిస్టరు వేడెక్కి కాలిపోవచ్చు, మార్చి పెట్టిన ఈసీయూకూ అదే గతి పడుతుంది. నిరోధం సరిగా ఉంటే, బ్యాటరీ నెగటివ్ తీసేసి ఈసీయూ మూత విప్పించండి. వేడెక్కాకే వచ్చే లోపానికి టంకం అతుకులో పగులు తరచుగా కారణమవుతుంది. ఆ కాలపు పెట్టెల్లో కెపాసిటర్లు కారి, బోర్డు మీది రాగి గీతలను తినేయడం కూడా మామూలే. అలా కారినప్పుడు చేపల వాసన వస్తుంది.

మూడవ జవాబు:
మీ తాళంచెవిలో ఇమ్మొబిలైజర్ చిప్, అంటే సరైన తాళం కాకపోతే ఇంజిన్ను నడవనివ్వని దొంగతన నిరోధక ఏర్పాటు తాలూకు చిప్, ఉందేమో చూసుకోండి. ఉంటే, వేరే బండి ఈసీయూ మీ తాళాన్ని గుర్తించక ఇంజిన్ను స్టార్ట్ కానివ్వదు, లేదా ఒకటి రెండు క్షణాల్లో ఆపేస్తుంది. పాత ఈసీయూ మెమరీలోని వివరాలను కొత్తదానికి ఎక్కించాలి, లేదా ఆ బండి ఈసీయూతో పాటు దాని ఇమ్మొబిలైజర్ పెట్టెను, తాళాన్నీ తెచ్చుకోవాలి. అందువల్ల పాతదాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. వేడెక్కాక బల్బు ఆగిపోయింది, వైరు బాగానే ఉంది, ఇంజెక్టరు 14 ఓములు చూపించింది. మూత తీయించి భూతద్దంతో చూస్తే, ట్రాన్సిస్టరు కాలు చుట్టూ వెంట్రుకంత సన్నటి పగులు వలయంలా కనిపించింది. ఎలక్ట్రానిక్స్ పని తెలిసిన వ్యక్తి పాత టంకం తీసేసి మళ్లీ అతికించారు. నిన్న, ఈరోజు గంటసేపు చొప్పున నడిపాను. నాలుగు సిలిండర్లూ పనిచేస్తున్నాయి.