స్ప్లెండర్ వెనక టైరును ఇంట్లోనే మార్చుకోవడం ఎలా?

ప్రశ్న

నా దగ్గర పుల్లల చక్రాలున్న పాత స్ప్లెండర్ ప్లస్ ఉంది. వెనక టైరు గాడుల మధ్యనున్న అరుగుదల గుర్తుల వరకూ అరిగిపోవడంతో కొత్త 2.75-18 టైరు, ట్యూబు తెచ్చుకున్నాను. షెడ్డులో స్పానర్లు, రెండు టైరు లివర్లు, కాలి పంపు ఉన్నాయి. ఈ బండికి చైను కవరు పూర్తిగా మూసి ఉంటుంది కదా, దాన్ని విప్పకుండా చక్రం బయటికి వస్తుందా? టైరు ఎక్కించేటప్పుడు చివరి జానెడు దగ్గర బిగుసుకుపోయి, లివరు కింద ట్యూబు నలిగిపోతుందని అందరూ భయపెడుతున్నారు. దానికి ఉపాయం ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

చైను కవరు జోలికి వెళ్ళనవసరం లేదండీ. చైను వైపు కనిపించే పెద్ద స్లీవ్ నట్టును కదపకుండా, యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టును మాత్రమే విప్పి, బ్రేకు రాడ్డును, బ్రేకు ప్లేటును పట్టి ఉంచే స్టాపర్ ఆర్మ్ బోల్టును తీసి, యాక్సిల్‌ను బయటికి లాగితే, స్ప్రాకెట్టూ (చైను తిప్పే పళ్ళ చక్రం) చైనూ ఉన్నచోటే ఉండిపోయి చక్రం ఒక్కటే పక్కకు జరిగి వస్తుంది. యాక్సిల్ లాగగానే జారి పడే కాలరు (యాక్సిల్ మీద ఎడం కోసం ఉండే గొట్టపు ముక్క) ఏ వైపుదో, ఏ వరుసలో ఉందో ముందే ఫోటో తీసి పెట్టుకోండి. చక్రం చేతికి వచ్చినప్పుడే హబ్బులోని రబ్బరు దిమ్మలు అరిగాయేమో చూడటం మంచిది.

ఇక అసలు చిక్కు. రిమ్ము అడ్డకోతలో నడుమ పల్లంగా, అంచుల దగ్గర ఎత్తుగా ఉంటుంది. టైరు బీడులో, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచులో, ఉక్కు తీగ ఉంటుంది కనుక అది సాగదు. మీరు ఒకవైపు లివరుతో ఎత్తుతున్నప్పుడు, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న బీడు ఆ పల్లంలోకి దిగి ఉంటేనే ఇటువైపు వదులు దొరుకుతుంది. చివరి జానెడు బిగుసుకుందంటే, ఎదుటివైపు బీడు పల్లంలోంచి పైకి వచ్చేసిందని అర్థం. అలాంటప్పుడు ఇంకా గట్టిగా లాగకుండా, ఆగి, ఎదుటివైపు మోకాళ్ళతో తొక్కిపట్టి బీడును మళ్ళీ కిందికి దించండి. వాల్వు ఉన్నచోట ట్యూబు మందంగా ఉండి బీడును పల్లంలోకి దిగనివ్వదు కాబట్టి, ఎక్కించడం వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరలో వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదిలితే, బీడు కింద ట్యూబు ఇరుక్కోకుండా ఉంటుంది.

ట్యూబుకు గుండ్రని ఆకారం వచ్చేంత గాలి మాత్రమే కొట్టి, కొంచెం పౌడరు రాసి లోపల పెట్టండి. బీడుకు చిక్కటి సబ్బు నీళ్ళు రాస్తే చాలు, గ్రీజు వద్దు. లివరుతో ఒక్కసారి రెండంగుళాలకు మించి ఎత్తకండి.

జవాబు 2

పై వివరణ సరైనదే గానీ, నా అభిప్రాయం కొంచెం వేరు. చక్రం ఊడదీయడం, బిగించడం ఇంట్లో చేసుకుని, టైరు ఎక్కించే పని మాత్రం వీధి చివరి పంక్చరు షాపుకు ఇస్తే పావుగంటలో అయిపోతుంది. రోజూ చేసే చెయ్యి వేరు. అయితే పుల్లల చివరలను కప్పే రిమ్ టేపు చిరిగి ఉంటే మార్చమని మీరే అడగండి, అడగకపోతే చాలామంది పాతదే ఉంచేస్తారు. ఆ చివరలే తరువాత ట్యూబును లోపలినుంచి పొడుస్తాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంట్లోనే ప్రయత్నిస్తాను. టైరు పక్కన ఒక బాణం, ఒక పసుపు చుక్క ఉన్నాయి. వాటిని చూసుకోవాలా?

జవాబు 3

తప్పకుండా చూసుకోవాలి. బాణం చక్రం ముందుకు తిరిగే దిశను చూపాలి. చుక్క టైరులో తేలికైన చోటును సూచిస్తుంది కనుక దాన్ని వాల్వు పక్కకు తెస్తారు. దగ్గరలోనే నాలుగంకెల తయారీ సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు 2324 అంటే 2024లో 23వ వారం.

బిగించేటప్పుడు స్టాపర్ ఆర్మ్ బోల్టును మరిచిపోకండి. అది లేకపోతే బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటే తిరగబోతుంది, అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి లేదు. దాని నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కొత్తది వేయండి. బ్రేకు పెడలు ఆటను (తొక్కినప్పుడు బ్రేకు పట్టేలోపు ఉండే వదులును) సరిచూసుకుని, కొత్త టైరు మొదట్లో కొంత జారుతుంది కాబట్టి తొలి 100 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా వెళ్ళండి. గాలి పూర్తిగా కొట్టాక, రిమ్ము అంచు వెంబడి టైరు మీదుండే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఎక్కడైనా లోపలికి దాగితే గాలి తీసి, అక్కడ సబ్బు నీళ్ళు రాసి, మళ్ళీ కొట్టండి.